వాము ముద్ద

జనవరి 18, గురువారం

డిశ్చార్జ్ చేశారు. అనంతపురం నుంచి కారులో పుట్టింటికి, ఉరవకొండ దగ్గర మా ఊరికి వచ్చాను. బిడ్డ పుట్టి నాలుగో రోజు. సిజేరియన్. పాలు ఇంకా పడలేదు. ఆపరేషన్ అయితే లేటవుతుంది, రెండు గంటలకోసారి పట్టిస్తూనే ఉండమంది డాక్టరమ్మ. అంతదాకా డబ్బా పాలు.

అమ్మ పోయి రెండేళ్లు. ఆడదిక్కు లేని ఇంట్లో బాలింతకు ఎవరు చేస్తారు, ధర్మవరం వచ్చేయమంది అత్తమ్మ. నాయన, నేను చేస్తా అని ఒక్క మాటే అన్నాడు. సరే, ఆదివారానికి పాలు పడకపోతే వచ్చి తీసుకుపోతానంది ఆమె.

నాకు నాయన దగ్గరే ఉండాలని ఉంది.

జనవరి 19, ఉదయం 7

పురిటి గది గడప నాయన దాటడు. పళ్లెం తలుపు దగ్గర పెట్టి దగ్గుతాడు. ఈ రోజు పళ్లెంలో టెంకాయంత ముద్ద. వాము దంచి, బెల్లం కలిపి కట్టాడు. ఈనిన ఆవుకు పెట్టే కొలత. నాయనకు తెలిసిన బాలింతలు ఆవులే. కుట్లు నొప్పి పుట్టేదాకా నవ్వాను. ఒక మూల కొరికితే నోరు మండిపోయింది.

సాయంత్రం

పక్కింటి తిప్పమ్మవ్వ ఆ ముద్ద చూసి, ఏమప్పా ఓబుళేసూ, కూతుర్నేమన్నా పాడి ఆవనుకుంటివా అని నాయనను తిట్టింది. వాము దోరగా వేయించి పొడి కొట్టి, అన్నంలో మొదటి ముద్దకు చిటికెడు, నెయ్యితో పెట్టాలంది. ఎంతసేపు వేయించల్ల, ఎంత మంట పెట్టల్ల అని నాయన అడిగిందే అడుగుతున్నాడు. పొలం పనిలో కూడా ఎవరినీ ఇన్నిసార్లు అడగడు.

జనవరి 20

ఇల్లంతా వాము వాసన. బిడ్డకు కడుపుబ్బరం. నాయన గుడ్డలో వాము మూటకట్టి వెచ్చచేసి, ముందు తన చెంపకు ఆనించి చూసుకుని, తర్వాత అవ్వ చేతికిచ్చాడు. అవ్వ కాపడం పెడితే బిడ్డ కాసేపు పడుకున్నాడు.

పాలు లేవు. లేచి మళ్లీ ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. బిడ్డ యాల ఏడుస్తాండాడమ్మా అని బయటి నుంచి నాయన అడిగాడు. పాలు పడలేదన్న మాట నాయనతో ఎలా చెప్పాలి? నిద్రకి అన్నాను.

జనవరి 21, ఆదివారం

పాలు పడ్డాయి. రవిక తడిసిపోయింది. వాము వల్లో, రోజులు గడిచో నాకు తెలీదు. అత్తమ్మకు రావద్దని ఫోన్ చేశాను. తర్వాత సిగ్గు పక్కన పెట్టి, తలుపు చాటు నుంచే నాయనకు చెప్పాను.

నాయన గడప అవతలే కూర్చున్నాడు. మీ యమ్మకు పాలు పడనే లేదమ్మా, నిన్ను నేనే చెంచాతో ఆవుపాలు పట్టి సాకినా, అన్నాడు.