సబ్బు పూసిన పెట్రోలు గొట్టం

గుడియాత్తం, 1936, బుధవారం రాత్రి

మోటారు షెడ్డు యజమాని గోవిందరాజులు ముదలాళి రేసు కారుకు ఇవాళ కొత్త పెట్రోలు పంపు, కొత్త రాగి గొట్టాలు వేశారు. పాతవి కారి, పోయిన నెల వేలూరు రోడ్డులో మంటలు లేచాయి. కారు నడుపుతున్న మా బావమరిది మునస్వామి చేతులు కాలాయి. బీడీ వెలిగించాడని నింద వేసి ముదలాళి వాణ్ణి పనిలోంచి తీసేశాడు. మునస్వామికి బీడీ అలవాటే లేదు.

కొత్త పంపు గురించి మా పేపరుకు రాయడానికి వెళ్లి, షెడ్డులో విప్పి పెట్టిన పాత గొట్టం చూశాను. చీలిక మీద బట్టల సబ్బు మెత్తి ఉంది.

"మార్చాలని నేను అప్పుడే చెప్పినానప్పా," అన్నాడు మెకానిక్ నారాయణ. "సబ్బు పూస్తే చాలు పోరా అన్నాడు ముదలాళి."

"కోర్టులో చెబుతావా?"

"యాడైనా చెప్తా."

అంతలో ముదలాళే వచ్చాడు. పాత సామాను పారేయమన్నాడు. నేను తీసుకోవచ్చా అని అడిగాను.

"ఎత్తుకోని పో నాయనా! పేపరోళ్లకి చెత్తే కదా కావాల్సింది," అని నవ్వాడు. "నా బండి గురించి బాగా రాయి."

రాశాను. ఒక్క విశేషణం లేదు. సబ్బు ఉంది, నారాయణ మాట ఉంది, ముదలాళి పూర్తి పేరు ఉంది. మునస్వామి చేతులు మళ్లీ స్టీరింగు పట్టగలవో లేదో డాక్టరు చెప్పడం లేదు...

శుక్రవారం పేపరు ముదలాళికి నేనే తీసుకెళ్లి ఇస్తాను. చదివేటప్పుడు ఆయన మొహం చూడాలి.