గెస్ట్ వైఫై

జగిత్యాల

తాతయ్యకు నమస్కారాలు.

ఆదివారం మా ఇంటికొచ్చినప్పుడు మీరు అందరి ముందూ నన్నో మాట అడిగారు. దానికి జవాబు రాస్తున్నాను.

తమ్ముడు విశ్వజిత్ ఆటలో నాణేలు ఉచితమంటే కనిపించిన లింకులన్నీ నొక్కి, టాబ్‌లోకి వైరస్ తెచ్చుకున్నాడు. అది నాన్న కంప్యూటర్‌కు పాకితే ఆఫీసు ఫైళ్లన్నీ పోతాయి. కనుక టాబ్ బాగయ్యేదాకా వాడికి గెస్ట్ వైఫై ఇచ్చాను. ఇంటర్నెట్ అదే, మా కంప్యూటర్లలోకి దారి మాత్రం ఉండదు. వాడికి ఆట నడిస్తే చాలు. ఆ పేరు చూసి కోపమొచ్చింది మీకే.

"ఏందే బిడ్డా, దొరల పిలగానికి బయటోళ్ల లైనా? నా మనుమన్ని వాకిట్ల కూసోబెడ్తవా?" అన్నారు. నాన్ననడిగి అసలు పాస్‌వర్డ్ వాడికి ఇప్పించి వెళ్లారు. మీ కారు గేటు దాటగానే దాన్ని మార్చేశాను. దయచేసి మళ్లీ అడగకండి.

వేరుగా ఉంచడం కోరుట్లలో మీ ఇంట్లోనే చూశాను. కల్లు తెచ్చే సారయ్య నీళ్లు తాగే గ్లాసు ఇప్పటికీ ప్రహరీ గోడ మీదే ఉంది. ఆయనకు ఏ వైరస్సూ లేదు.

టాబ్ శుభ్రం కాగానే తమ్ముణ్ణి లోపలికి తీసుకుంటాను. సారయ్యను మీరెప్పుడు పిలుస్తారో రాయండి.

మీ మనుమరాలు