ఒకే సమాధిలో ఇద్దరు

ఆదివారం, ఫలక్‌నుమా

మధ్యాహ్నం రూతమ్మ చనిపోయింది. మా చర్చి సంఘంలో, ఆరాధన అయ్యాక అందరం కలిసి తినే ప్రతి ప్రేమవిందుకూ అన్నం వండింది ఆమే. సమాధుల తోటలో కొత్త గుంటకు చోటు లేదు. ఏదో ఒక పాత సమాధి తెరవాల్సిందే.

సాయంత్రం పాస్టరన్న ఇంటికొచ్చి మెల్లగా అడిగాడు.

"తమ్మీ, మీ అమ్మ సమాధి పాతదాయె గదా. గండ్లనే రూతమ్మను పెడ్తం. రాత్రికల్లా చెప్పు."

ఫోన్ చేస్తానని చెప్పాను. తొలి క్రైస్తవుల ఆది సంఘంలో ఎవరూ దేన్నీ తమదనుకోలేదని పొద్దున ప్రసంగించింది నేనే.

ఆయన వెళ్లాక అక్క నిలదీసింది. "అమ్మ ఒప్పుతదారా? రూతమ్మ కులం జూసి, ఆమె వండిన బువ్వ ఒక్కనాడన్న ముట్టిందా?"

ముట్టలేదు. విందుకు అమ్మ ఇంటి నుంచే డబ్బా తెచ్చుకునేది. అయినా రూతమ్మ ప్రతిసారీ అమ్మ ముందు ఒక ప్లేటు పెట్టేది.

తొమ్మిదింటికి ఫోన్ చేసి, "సరే అన్నా, పెట్టుండ్రి" అన్నాను. అక్క నాతో మాట్లాడటం లేదు.

పునరుత్థానం గురించి ఇన్నేళ్లు చెబుతూనే ఉన్నాను. నిజంగా నమ్ముతున్నానని ఈ రోజు భయపడ్డాకే తెలిసింది. చనిపోయినవాళ్లను లేపే కడబూర మోగగానే అమ్మ లేస్తుంది. పక్కన రూతమ్మను చూస్తుంది. ఆ తర్వాత నాకోసం వెతుకుతుంది.