డాబా మీద ఆరబెట్టిన పాటలు

అల్ హైల్,
జూన్ 1993

దార్సైట్‌లో ఉన్న సురేందరన్నకు తమ్ముడు దండం పెట్టి రాసేది.

అన్నా, నాకు ఇంకో చోట డ్యూటీ చూడు. నువ్వు పనికి పెట్టించిన ఈ అరబ్బుల ఇంట్లో నాకే కష్టమూ లేదు. బిలాల్ సార్ మంచివాడు. ఆయన తాతలది ఆఫ్రికా. అమెరికా నల్లవాళ్ల పాటల రికార్డులు గదినిండా దాచుకున్నాడు. వాళ్ల గురించి వచ్చే పత్రికలో బొమ్మలు చూపించి, "హమారే లోగ్", మా వాళ్లే అని మురిసిపోతాడు.

మొన్న ఆయన రైసూత్ పోర్టుకు పని మీద వెళ్లాడు. వచ్చేసరికి సంతోషపెడదామని, దుమ్ము పట్టిన ఆ రికార్డులన్నీ సబ్బునీళ్లతో కడిగాను. అప్పడాల్లా డాబా మీద ఎండలో పరిచాను. మధ్యాహ్నం వెళ్లి చూస్తే అన్నీ గిన్నెల్లా వంగిపోయి ఉన్నాయి.

సార్ వచ్చి చూశాడు. ఒక రికార్డు తీసి మిషన్ మీద పెట్టాడు. ముల్లు ఎక్కుతూ దిగుతూ ఉంటే పాట తాగినవాడి ఏడుపులా వచ్చింది. ఆపేసి, నా వైపు తిరిగి, "ఖానా ఖాయా?", అన్నం తిన్నావా అని అడిగాడు.

ఈ ఉదయం బయటికి పోతూ ఆ గది తాళంచెవి ఎప్పటిలాగే నా చేతిలో పెట్టాడు. తిట్టినా బాగుండేదన్నా.

ఎందుకు పోతున్నాడని సార్ నిన్ను అడిగితే, నాకు ఇక్కడి ఎండ పడటం లేదని చెప్పు.