లో అంటే లోపలికి

పిచ్చుక వాళ్ళమ్మకు,

ఇక్కడ నేను బాగానే ఉన్నాను. నువ్వూ, పిచ్చుకా, మీ అమ్మగారూ కులాసాగా ఉన్నారని నీ ఉత్తరంలో చదివి ఆ మాట దగ్గరే కాసేపు ఆగిపోయాను. అక్కడికి వెళ్ళిన ఈ ఇరవై రోజుల్లో పిల్ల దగ్గు మందు సీసా మూతే తీయలేదన్నావు. సంతోషించాను. ఆ తర్వాత కంచం పక్కకు జరిపాను.

రోజూ ఫోన్లో మాట్లాడుకుంటూ మళ్ళీ ఈ ఉత్తరాలేంటని మీ అమ్మగారు నవ్వుతున్నారట. నవ్వనీ. ఫోన్లో నేను 'ఆఁ, ఊఁ' దాటనని నీకు తెలుసు.

మొక్కలకు నీళ్ళు పోస్తున్నాను. కుళాయి కారడం ఆగింది. పిల్ల ఎర్ర స్వెట్టర్ దొరికిందా అని మళ్ళీ అడిగావు. దొరికింది, కానీ పంపను. ఎందుకో కింద రాస్తాను.

మీ అక్కావాళ్ళు కట్టుకుంటున్న ఇంటికి గాలి ఏర్పాటు ఏ రకం మంచిదని అడిగావు. వేడి బయటికి పోకుండా సందులన్నీ మూసేసే ఇల్లు కదా, గాలికి దారి మనమే చూపించాలి. ఒకటి లాగే రకం. వంటింట్లో, స్నానాలగదిలో ఫ్యాన్లు చెడుగాలిని బయటికి లాగుతాయి, కొత్తగాలి కిటికీల పైన పెట్టిన సన్నటి కంతల్లోంచి దానంతటదే వస్తుంది. తేలికైన పనే, కానీ ఇంట్లో వేడి కూడా దాంతోపాటే పోతుంది. ఇంకోటి నెట్టే రకం. బయటి గాలిని లోపలికి తోస్తుంది. చలికాలంలో ఇంట్లో చెమ్మ గోడల్లోకి దూరుతుందని అది నాకు నచ్చదు. మూడోది మనింట్లో ఉన్నది. ఒక గొట్టం తెస్తుంది, ఒక గొట్టం తీసుకుపోతుంది, పోయే గాలి మధ్యలో ఉన్న పెట్టెలో తన వేడిని వచ్చే గాలికి ఇచ్చి పోతుంది. ఇచ్చిపుచ్చుకుంటాయి గానీ కలవవు, అచ్చం అత్తాకోడళ్ళలాగా అని నేను అందరికీ చెప్పే జోకు నువ్వు విని విని విసిగిపోయావు. అదే పెట్టించుకోమను. కానీ గొట్టాల మీద పూర్తి మాటలు రాయించమను.

ఎందుకంటావా? మనింటి అటక మీద గొట్టాలు పరిచింది నేనే. పడకగదులకు వెళ్ళేదాని మీద 'లో' అని, వంటింటి నుంచీ స్నానాలగది నుంచీ వచ్చేదాని మీద 'బ' అని రాశాను. లోపలికి, బయటికి. ఇంతలో వేరే పని తగిలితే పెట్టెకు బిగించడం మీ తమ్ముడికి అప్పగించి వెళ్ళాను. వాడు 'లో' అంటే లోపలి గాలి, 'బ' అంటే బయటి గాలి అనుకుని తారుమారుగా బిగించాడు. వాడి తప్పేముంది? నేను మిగుల్చుకున్నది మూడేసి అక్షరాలు. పనయ్యాక గదిలో గాలి వచ్చే జాలి దగ్గర కాగితం ముక్క పట్టి, గాలి ఎటు పోతోందో చూడాలి. నేను బిగించే అందరిళ్ళలోనూ చూస్తాను. సొంతిల్లే కదా అని చూడలేదు.

స్వెట్టర్ కోసం పిల్ల మంచం జరిపాను. వెనక గోడంతా నల్లటి బూజు, స్వెట్టర్ నిండా అదే. కాగితం తెచ్చి జాలి దగ్గర పట్టాను. ఎగరాలి. అతుక్కుపోయింది. పద్నాలుగు నెలలుగా కొత్తగాలి వంటింటికీ స్నానాలగదికీ పోతోంది. అక్కడి పొగనీ చెమ్మనీ తలుపు కింద సందులోంచి పిల్ల గదిలోకి లాక్కొచ్చింది నేను పెట్టిన మిషనే.

ఇది చూసి పదకొండు రోజులైంది. రోజూ ఫోన్లో చెబుదామనుకుంటాను, 'ఆఁ, ఊఁ' అనేసి పెట్టేస్తాను.

పిల్ల ఆయాసపడినప్పుడల్లా నువ్వు కిటికీ తెరిచేదానివి. మిషనుండగా కిటికీ ఎందుకు, నీ చలిగాలి వల్లే దానికి ఈ దగ్గు అని నీ మీద అరిచాను. కిటికీ పిడులు ఊడి ఎక్కడో పడిపోయాయని ఇల్లంతా వెతికావు, గుర్తుందా? నేనూ నీతోపాటు వెతికాను. అవి నా పనిముట్ల సంచిలోనే ఉన్నాయి. పీకింది నేనే. నన్ను ఏమన్నా అను, పడతాను.

గొట్టాలు మార్చి బిగించడానికి అరగంట పట్టింది. మర్నాడు డాక్టరమ్మ దగ్గరికి పరిగెత్తాను.

"ఇప్పుడు మంచి గాలే వస్తోందండీ. పిల్లకు పూర్తిగా తగ్గిపోతుంది కదా?"

"తగ్గచ్చు. ఉండిపోనూ వచ్చు. చిన్నపిల్ల కదా, ఇప్పుడే చెప్పలేం."

"నేనింకేం చెయ్యాలండీ?"

"మీరు చెయ్యగలిగింది చేసేశారు కదండీ," అంది ఆవిడ. మంచి మనసుతోనే అంది.

మీ తమ్ముడికి చెప్పలేదు. "పిల్లెలా ఉంది బావా?" అని పొద్దున్నే అడుగుతాడు. బాగుందంటాను.

ఎప్పుడు రమ్మంటావని అడిగావు. గోడ కడిగి సున్నం వేశాను. పిడులు బిగించాను. రోజూ పొద్దున ఆ గదిలో కాగితం పట్టి చూస్తున్నాను, ఎగురుతోంది. అయినా రమ్మనడానికి నోరు రావడం లేదు, రావద్దనే ధైర్యమూ లేదు. నువ్వే చెప్పు.

ఇంట్లోకి వచ్చిన వారానికి అనుకుంటాను, పిచ్చుక తన మంచం మీద కూర్చుని, "నాన్నా, నా గదిలో ఉల్లిపాయలు వేగుతున్నాయి" అంది. నేను దాని ముక్కు పట్టి లాగి, "నీ ముక్కు వంటింటి దాకా పెరిగిందే" అన్నాను. ముగ్గురం కడుపు పట్టుకుని నవ్వాం. ఆ రోజే చెప్పింది నా తల్లి.

ఇట్లు,
పిచ్చుక వాళ్ళ నాన్న