నాలుగో పేరా

అన్నా,

నువ్వు పోయి ఏడాదయింది. నీ సామాన్ల పెట్టె పంపమని మిలటరీ ఆఫీసుకు మేము రాసిన ఉత్తరం తిరిగొచ్చింది. పైన నీ నంబరు లేదట, విషయం రాయలేదట, పేరాలకు అంకెలు వేయలేదట. అక్కడ నువ్వు చేసిన గుమాస్తా పని ఇదే కదా.

తెలంగాణ కోసం సమ్మె నడుస్తోంది. నేను పాఠాలు చెప్పే బడి మూతపడింది. తరిగొప్పులలో ఇంట్లోనే కూర్చుని మళ్లీ రాశాను. మూడు పేరాల్లో అంతా సరిపోయింది. రెండో పేరాలో నిన్ను ‘మరణించిన సైనికుడు’ అనాల్సి వచ్చింది.

అవ్వ పక్కనే కూర్చుని, “మా పిలగాడు మంచోడని గూడ రాయి బిడ్డా” అంది.

“గసొంటియి గండ్ల రాయరే అవ్వా” అన్నాను.

“రాయకుంటే గాళ్లకెట్ల తెలుస్తది?”

ఉత్తరం మళ్లీ తిరిగొచ్చినా సరే అనుకుని, నాలుగు అని అంకె వేసి అవ్వ చెప్పిందే రాశాను.

నీ చెల్లె