ఆ వంకర కాలర్లు నావి

అన్నా,

పనిలోకి రావడమే కాదు, మందులు కూడా మానేశావని వదిన చెప్పింది. ఆ వంకర కాలర్లు నువ్వు కుట్టినవి కావు. నావి.

నీరసంతో నువ్వు మిషను మీద తల వాల్చినప్పుడల్లా మేమందరం తలా నాలుగు కాలర్లు కుట్టి, నీకు తెలియకుండా నీ కట్టలో కలిపేవాళ్ళం. లెక్క తగ్గితే ఆ సూపర్‌వైజరు వెధవ నీ మిషను ఇంకొకరికి ఇచ్చేస్తాడని. వాడి మీద కోపంతో నేను గబగబా కుట్టిపారేశాను. "గోనెసంచులు కుట్టుకోరా" అని గుండీలు కుట్టే పిన్ని తిడుతూనే ఉంది, వింటేగా!

అవి వంకరగా ఉన్నాయని వెనక్కొచ్చిన రోజు "నా చేతులు కూడా పోయాయిరా" అన్నావు. పక్కనే ఉండి నోరు విప్పలేదు. సిగ్గులేని వెధవని.

వచ్చి నన్ను కొట్టు. నువ్వు కుట్టిన కాలరు ఇంతవరకు ఒక్కటీ వెనక్కి రాలేదన్నా.

నీ పక్క మిషను తమ్ముడు